పిడికెడు జొన్నలు, ఒక మగ్గం

2006 జులైలో గద్వాల నుంచి ఆస్ట్రేలియాకు ఒక ఇంటి సామాను పంపే పని నాకు అప్పగించారు. అప్పటికి నేను సికింద్రాబాద్‌లో ఒక సామాన్ల రవాణా సంస్థలో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. హోదా సర్వే ఆఫీసర్. అంటే బ్రాంచి మేనేజరుకు ఒక మెట్టు కింద, ప్యాకింగ్ మేస్త్రీకి ఒక మెట్టు పైన. ఇంటికి వెళ్లి సామాను చూసి, అది ఎన్ని ఘనపుటడుగులు అవుతుందో కంటితోనే అంచనా కట్టి, ఏది పోతుందో ఏది పోదో చెప్పడం నా పని. నా అంచనాకూ తర్వాత టేపు పెట్టి తీసిన కొలతకూ పెద్దగా తేడా ఉండేది కాదు. ఈ మాట గొప్పకు చెబుతున్నానని మీరనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

నాది నాగర్‌కర్నూల్ పక్క పల్లె కావడంతో పాలమూరు వైపు ఏ పని వచ్చినా ఆఫీసులో నా పేరే పిలిచేవారు. వనపర్తిలో లెక్చరర్ల ఇళ్లు, నాగర్‌కర్నూల్‌లో గల్ఫ్‌కు వెళ్లే నర్సుల ఇళ్లు అన్నీ నేను చూసినవే. మీ వాళ్ల భాష మీకే తెలుస్తుందని మా మేనేజర్ అనేవాడు. భాష తెలిసిన మాట నిజమే. అదొక్కటే చాలదని గద్వాలలో తెలిసొచ్చింది.

సామాను చంద్రకళది. ముప్పై రెండేళ్ల మనిషి, నేతపని వచ్చినది. భర్త రాఘవేందర్ వెల్డర్. ఆరు నెలల ముందే మెల్‌బోర్న్‌లో ఉద్యోగానికి వెళ్లాడు. సామాను ఖర్చు అతని కంపెనీదే. ఇద్దరు ఆడపిల్లలతో ఈమె వారం రోజుల్లో విమానం ఎక్కాలి. ఇలాంటి ఇళ్లలో మంచాలు, బీరువాలు అమ్మేసి గిన్నెలు, బట్టలు, పిల్లల వస్తువులు పంపుతారు. ఈ ఇంట్లో వాటితోపాటు ఒక మగ్గం ఉంది. నేలలో గుంట తవ్వి బిగించే రకం కాదు, విప్పి మళ్లీ నిలబెట్టుకోగలిగిన టేకు చట్రం మగ్గం. ఆమె తండ్రి దగ్గరుండి చేయించినది.

అంత బరువు అవసరమా, అక్కడ అద్దె ఇంట్లో ఎక్కడ పెడతారని సర్వే రోజున అడిగాను. అడగడం నా ధర్మం.

"ఆయనకు ఆడ పనున్నది సార్. నాకు ఇంగ్లీషు రాదు, వేరే పని రాదు. ఇది పోతెనే నేను పోయినట్టు," అంది చంద్రకళ.

ఆ మాటతో మగ్గం జాబితాలో మొదటి నంబరుకు ఎక్కింది.

ఆస్ట్రేలియా సామానంటే మా వృత్తిలో అందరూ ఒళ్లు దగ్గర పెట్టుకుంటారు. ఆ దేశంవాళ్లకు దొంగసరుకు భయం కంటే పురుగు భయం ఎక్కువ. మట్టి, విత్తనాలు, పక్షి ఈకలు, బెరడు తీయని కర్ర ఏదీ రానివ్వరు. సామాను యజమాని పదకొండు ప్రశ్నల పత్రం నింపి సంతకం చేయాలి. పక్కన సాక్షిగా సర్వే ఆఫీసర్ సంతకం ఉండాలి. పత్రంలో లేదన్నది పెట్టెలో దొరికితే జరిమానా. దొరికినది పురుగు పట్టిందైతే దాని పక్కనున్న కర్ర సామానును కూడా కాల్చేస్తామంటారు, ఆ ఖర్చూ మనదే. పైగా మాది ఉమ్మడి కంటైనర్. చంద్రకళ సామానుతో మరో నాలుగు కుటుంబాల సామాను కలిసి వెళ్తుంది. ఒకరి పెట్టెలో తప్పుంటే ఐదుగురి సామానూ రేవులో ఆగిపోతుంది.

అందుకే మగ్గాన్ని నేనే పరీక్షించాను. టార్చి వేసి ప్రతి కర్రనూ చూశాను, అనుమానం వచ్చిన చోట సూదితో గుచ్చాను. ఒక్క పుచ్చు కూడా లేదు. నగరంలోని కంటైనర్ డిపోలో మందు పొగ పెట్టిస్తే చాలు, దాని దారి సాఫీ అనుకున్నాను.

ప్యాకింగ్ రోజు పొద్దున ఏడింటికే దిగాం. మేస్త్రీ ఖాజా మియా, ఇంకో ముగ్గురు మనుషులు. ఖాజా నాకంటే రెండేళ్లు ముందు చేరినవాడు. గాజు గ్లాసును అతను కాగితంలో చుడితే మేడ మీంచి పడేసినా పగలదు. మధ్యాహ్నానికి మగ్గం విప్పి, పురుగు లేకుండా వేడి చేసిన కర్ర అని ముద్ర ఉన్న చెక్క పెట్టెలో సర్దారు. మిగతాదంతా నలభై అట్టపెట్టెల్లో పెట్టారు, టేపు వేయడం, చెక్క పెట్టెకు మూత బిగించడమే మిగిలాయి. నేను పత్రం తీసి పదకొండు ప్రశ్నలూ చదివాను. ధాన్యం, పప్పులు, విత్తనాలు ఏమైనా ఉన్నాయా? లేవంది చంద్రకళ. ఆమె సంతకం చేసింది, నేనూ చేశాను.

భోజనం రాఘవేందర్ అక్క తిమ్మక్క ఇంట్లో. పక్క సందులోనే ఉంటుంది. యాభై దాటిన మనిషి, మాటలో మొహమాటం లేదు. తెరిచి ఉన్న పెట్టెల దగ్గర మా మనిషి ఒకడు కాపలా ఉండాలన్నది సంస్థ నియమం. వేడి జొన్నరొట్టె, పుంటికూర ముందు ఆ నియమం నిలవలేదు, ఐదుగురం కలిసే వెళ్లాం. పిల్లలతో చంద్రకళ కూడా అక్కడికే వచ్చింది. వడ్డించాక తిమ్మక్క కాసేపు కనిపించలేదు. చేయి కడుక్కుంటున్నప్పుడు తిరిగొచ్చింది. నేను పట్టించుకోలేదు. తర్వాత ఖాజా అట్టపెట్టెలన్నిటికీ టేపు వేసి చెక్క పెట్టె మూత బిగించాడు, రెండింటికి లారీ బయలుదేరింది.

బీచుపల్లి వంతెన దాటేసరికి వాన అందుకుంది. పెబ్బేరులో చాయ్‌కి ఆగితే లారీ వెనక మూల టార్పాలిన్ జారి ఉంది. ఆ మూలనున్న పెట్టెలను లోపలికి జరపమన్నాను. ఖాజా ఒక గిన్నెల పెట్టెను ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగి, చెవి దగ్గర పెట్టుకుని అటూ ఇటూ వంచాడు.

"సార్, దీంట్ల ఏందో గలగలమంటుంది," అన్నాడు.

నేనూ విన్నాను. విన్న మరుక్షణమే అదేమిటో తెలిసింది. నేను పదో తరగతి తర్వాత హాస్టలుకు వెళ్లేటప్పుడు మా అమ్మ నా రేకుపెట్టెలో పిడికెడు బియ్యం పోసింది. ఖాళీ పాత్ర గడప దాటకూడదు, దాటితే వెళ్లిన చోట అది నిండదు. మా వైపు ఇది తెలియని ఇల్లు లేదు. తెలిసి తెలిసి అడగని ప్రబుద్ధుణ్ని నేనొక్కడినే. దీపం కిందే చీకటి అంటారే, పద్దెనిమిదేళ్ల అనుభవం కింద అంత చీకటి ఉంది. నా మీద నాకే ఒళ్లు మండింది.

టేపు వేసిన పెట్టెను యజమాని లేకుండా తెరవకూడదు. టెలిఫోన్ బూత్ నుంచి మేనేజరుకు చెప్పాను. మర్నాడు పదకొండింటికి డిపోలో కస్టమ్స్ తనిఖీ ఉంది, అది తప్పితే ఓడ తప్పుతుంది. అందుకని ఆయన వెనక్కి వెళ్లొద్దన్నాడు. ఎలాగూ మందు పొగ పెడుతున్నాం, పురుగుంటే చస్తుందన్నాడు. పురుగు చస్తుంది గానీ గింజ మాయం కాదని, పత్రం మీద ఉన్నది నా సంతకమని చెప్పి ఫోన్ పెట్టేశాను. పై అధికారి మాట తీసేయడం నాకు అలవాటు లేదు. ఆ రోజు మాత్రం రెండో ఆలోచన రాలేదు. లారీని వెనక్కి తిప్పించాను.

మమ్మల్ని చూసి చంద్రకళ ముఖం పాలిపోయింది. సంగతి చెబితే మొదట ఆమె అడిగింది గిన్నెల గురించి కాదు.

"మగ్గం కాలుస్తరా సార్?"

ఇప్పుడు దొరికింది కాబట్టి కాల్చరన్నాను. తిమ్మక్కను పిలిపించాను. ఆమెలో ఏ తడబాటూ లేదు. మేం తింటుండగా వచ్చి జొన్నలు పోసింది తానేనంది. ఇల్లు కదిలేటప్పుడు ఆడబిడ్డ చేతి మీదుగా జరగాల్సిన పని అది. చంద్రకళకు కూడా చెప్పలేదు. చెప్పి చేసే పని కాదు కదా అంది.

"ఏ ఏ పెట్టెల్లో వేసినవ్ అక్కా?" అని అడిగాను.

"ఉత్తగున్న ప్రతిదాంట్ల ఏసిన సారూ. బిందెల, చెంబుల, పిల్లల టిఫిన్ డబ్బల. మగ్గం పెట్టెల నాడె ఉండె, దాని కడుపు గూడ ఉత్తదే ఉండె. దాంట్ల నాలుగు గింజలేసిన."

నాడె అంటే పేక దారాన్ని అటూ ఇటూ మోసే చెక్క సాధనం, మధ్యలో దారం చుట్టిన కండె పెట్టడానికి బోలుగా ఉంటుంది. నేను సూదితో గుచ్చి గుచ్చి చూసిన మగ్గం పెట్టెలోకే గింజలు చేరాయన్నమాట.

నలభై పెట్టెలూ, మగ్గం పెట్టే తెరిచాం. ప్రతి పాత్రా దులిపి, పొడి గుడ్డతో తుడిచి, చుట్టిన కాగితాలన్నీ పారేసి కొత్తవి వాడాం. ఒక ఇత్తడి చెంబులో జొన్నల మధ్య బతికున్న ముక్కుపురుగు కనిపించింది. ఖాజా దాన్ని అరచేతిలో పెట్టి చూపించాడు. ఆవగింజంత ఉంది. చంద్రకళ దాన్ని చూసి, వెళ్లి మగ్గం కర్రల పక్కన కూర్చుంది. గింజలు తీసిన నాడెను మళ్లీ మళ్లీ వేలితో తడిమి చూసుకుంది.

మళ్లీ సర్దబోతుంటే తిమ్మక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది. గింజలు తీసేస్తే తీసేయండి, ఖాళీ గిన్నెలు మాత్రం కదలవంది. పాత్రలు నొక్కుకుపోకుండా లోపల బట్టలు కుక్కడం మా పద్ధతే కాబట్టి బట్టలు పెడదామన్నాను. కట్టి విడిచిన బట్టలు శకునానికి పెడతారా అని మండిపడింది. ఆమె అన్నది సబబే. వానకాలపు సాయంత్రం, లారీ బయట ఉంది, మర్నాటి తనిఖీ ఎదురు చూస్తోంది. అయినా ఆమెను పక్కకు జరపమని నా మనుషులకు చెప్పడానికి నాకు మనసొప్పలేదు. ఆ ఇంట్లో ఆ పనికి అధికారి ఆమె. నేను సామానుకు మాత్రమే.

చంద్రకళ లేచి లోపలికి వెళ్లింది. ఇంకా మగ్గమెక్కని కొత్త నూలు చుట్టలు ఒడినిండా తెచ్చి ఆడబిడ్డ ముందు పెట్టింది. దారం పోనిస్తారా సార్ అని నన్నడిగింది. వడికి, రంగద్దిన నూలుకు అడ్డు లేదు, జాబితాలో రాస్తే చాలన్నాను.

తిమ్మక్క ఒక చుట్ట చేతిలోకి తీసుకుని వేళ్లతో నలిపి చూసింది.

"కూడు, గుడ్డ రెండూ ఇంటియే. కూడు ఆడ సంపాయించుకుంటరు. గుడ్డ ఈడికెల్లి పోనియ్యి," అంది.

ఆమే స్వయంగా ప్రతి పాత్రలో ఒక్కో చుట్ట పెట్టింది. నాడె కడుపులో మూరెడు దారం పెట్టి, దాన్ని చంద్రకళ చేతికిచ్చింది. నేను పెట్టెపెట్టెకూ జాబితాలో 'కొత్త నూలు దారం' అని రాసుకుంటూ పోయాను. బాగా పొద్దుపోయాక లారీ మళ్లీ కదిలింది.

మర్నాడు తనిఖీ సమయానికి అందుకున్నాం. పొగ పెట్టారు, సీలు వేశారు. మేనేజర్ నాతో రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు మామూలైపోయాడు. రెండున్నర నెలలకు చంద్రకళ ఫోన్ చేసింది. అక్కడి అధికారులు గిన్నెల పెట్టెలు కొన్ని, మగ్గం పెట్టె తెరిచారట. ప్రతి పాత్రలో దారం చూసి ఆశ్చర్యపోయి, జాబితాతో సరిపోల్చుకుని మూతలు పెట్టారట. మగ్గం నిలబెట్టానని, పాత్రల్లోంచి తీసిన నూలుతోనే మొదటి తువ్వాల నేసి వదినెకు పంపానని చెప్పింది. నాకు చాలా సంతోషమైంది.

ఆ తర్వాత పదవీ విరమణ చేసేదాకా, పదకొండు ప్రశ్నల పత్రం కింద పన్నెండోది నా చేత్తో రాసుకున్నాను. ఇల్లు కదిలేటప్పుడు మీ ఇంట్లో ఏం పెట్టి పంపుతారు? ఆ ఒక్క ప్రశ్నకు వనపర్తిలో పసుపుకొమ్ములు బయటికొచ్చాయి, కొల్లాపూర్ దగ్గర ఒక ఇంట్లో సోమశిల రేవు ఇసుక బయటికొచ్చింది. పదకొండు ప్రశ్నలకూ ఆ ఇళ్లవాళ్లు లేదనే చెప్పారు, అబద్ధమూ చెప్పలేదు. వాళ్ల లెక్కలో అవి సామాను కాదు. ఇంట్లో ఏమున్నాయని అడగడం పత్రం నేర్పిన పని. ఏది లేకుండా గడప దాటరని అడగడం తిమ్మక్క నేర్పింది.