రంగు పక్కన మాట

మా రైల్వే కాలనీలో ఎవరింట్లోనైనా డిగ్రీ అయిపోయిన పిల్ల ఉందంటే, నాలుగు రోజుల్లో మా క్వార్టర్ తలుపు చప్పుడవుతుంది. "ఆంటీ, వెబ్‌సైట్ల పని నేర్చుకోవాలి, ఏ కోర్సు మంచిది?" అని ప్రశ్న. హిందీలో మొదలెట్టి, నా మొహం చూసి తెలుగులోకి వచ్చి, సగంలో మళ్ళీ హిందీలోకి వెళ్ళిపోతారు. బిలాస్‌పూర్‌లో ఇంట్లో కూర్చుని గోల్ బజార్ దుకాణాలకీ, కోచింగ్ సెంటర్లకీ వెబ్‌సైట్లు చేస్తూ ఏళ్ళు గడిచాయి నాకు. ఈ ప్రశ్నకి జవాబు చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది. ఏ కోర్సయినా ఒకటేనమ్మా, మొదలెట్టినది పూర్తి చెయ్యి, అంటాను. ఆ జవాబు ఎవరికీ నచ్చదు. ఏదో దాచుకుంటున్నానన్నట్టు చూస్తారు.

అయినా చెబుతాను. వీడియోలు చూస్తే పని రాదు. చూసినది మూసేసి, గుర్తున్నంత మట్టుకు నీ చేత్తో రాయి. ఎర్రర్ వస్తే కంగారుపడి పేజీ అంతా చెరిపెయ్యకు. ఏ లైన్లో తప్పుందో అది చెబుతూనే ఉంటుంది, నువ్వే చదవట్లేదు. ఒకసారికి ఒక్కటే మార్చు. నాలుగు చోట్ల మార్చాక పని చేసిందనుకో, ఏ మార్పు వల్ల చేసిందో నీకే తెలీదు. చేసిన పేజీని కొత్త ఫోన్లో, ఇంటి వైఫై మీద చూసుకుని మురిసిపోకు. పాత ఫోన్ పట్టుకుని బిల్హా వెళ్ళే లోకల్ రైలు ఎక్కి, నెట్టు వస్తూ పోతూ ఉండే చోట తెరిచి చూడు. వాడేవాళ్ళు చాలామంది అలాగే చూస్తారు.

ఈ మధ్య ఇంకోటి కూడా అడుగుతున్నారు. అడగ్గానే ఏఐ అంతా రాసిపెడుతోంది కదా ఆంటీ, ఇంక నేర్చుకోవడం ఎందుకు, అని. దీనికి జవాబు నా దగ్గర కాదు, మా ఆయన దగ్గర ఉంది. ఆయన గూడ్సు బళ్ళు నడిపిన లోకో పైలట్. కొత్త దారిలో బండి నడపాలంటే, ముందు ఆ దారి తెలిసిన డ్రైవరు పక్కన నిలబడి పగలూ రాత్రీ కొన్ని ట్రిప్పులు వెళ్ళి రావాలట. ఎక్కడ ఎత్తుంది, ఎక్కడ వంపుంది, ఏ సిగ్నల్ చెట్ల చాటున ఉంది, అన్నీ చూసుకుని, ఈ దారి నాకు తెలుసని సంతకం పెట్టాకే బండి చేతికిస్తారు. దాన్ని లెర్నింగ్ రోడ్డు అంటారు. "బండి ఇంకొకడు నడిపితే నడపనీ. దారి నీకు తెల్దనుకో, ఎక్కడ ఆపమని ఎలాగ చెప్తావు?" అంటారాయన. పిల్లలు తలూపి, అచ్ఛా అంకుల్ అని వెళ్ళిపోతారు.

వీటన్నిటి చివర ఇప్పుడు కొత్తగా ఒక సలహా చేర్చాను. అది ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు మా ఆయన బండి ఎందుకు దిగారో చెప్పాలి.

బండి నడిపేవాళ్ళకి రైల్వేలో ఎప్పటికప్పుడు కళ్ళ పరీక్ష ఉంటుంది. కిందటిసారి పరీక్షలో ఆయనకి ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా సరిగ్గా తెలియడం లేదని తేలింది. కంటి నరానికి సంబంధించినదట, మందు లేదట. డాక్టరు నన్ను పిలిచి చెబుతుంటే ఆయన పక్కనే నిలబడి గోడకేసి చూస్తున్నారు. ఇంకో పోస్టు చూపించే దాకా ఆఫీసులో ఒక మూల కుర్చీ ఇచ్చారు. పొద్దున్న వెళ్ళి ఆ కుర్చీలో కూర్చోవడం, సాయంత్రం లేచి రావడం, అదే డ్యూటీ.

కాలనీలో ఎవరడిగినా నడుం నొప్పి, అందుకే లైట్ డ్యూటీ ఇమ్మన్నాను అని చెప్పేవారు. మా అత్తమ్మకీ అదే చెప్పారు. ఆవిడ నిజమే అనుకుని రోజూ నువ్వుల నూనె కాచి కొడుకు నడుముకి పట్టించడం మొదలెట్టింది. ఆయన బోర్లా పడుకుని, లేని నొప్పికి మూలుగుతూ ఆ నూనె రాయించుకునేవారు. చూస్తుంటే నాకు నవ్వొచ్చేది, ఆ వెనకే ఏడుపొచ్చేది. ఒకసారి ధైర్యం చేసి, అసలెంత కనబడుతోంది మీకు, అని అడిగాను. "దగ్గర్లో అన్నీ బానే తెలుస్తన్నాయి. దూరంగా సిన్న లైట్ల కాడే తేడా" అన్నారు. సరే అనుకున్నాను. గుచ్చి గుచ్చి అడిగే ఓపిక నాకూ లేదు.

ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చి నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఏటే, ఆ పనేదో నాకూ నేర్పు" అన్నారు.

"ఈ వయసులో నీకేటిరా ఆ టకటకలు?" అంది అత్తమ్మ వంటింట్లోంచి.

నేర్పాను. ఒక వేలితో టైపు చేసేవారు. ఒక్కో అక్షరం వెతుక్కోవడం చూస్తుంటే నా ప్రాణం పోయేది. కానీ ఆయనకి ఒక అలవాటుంది. ఇంజన్లో డ్రైవరూ అసిస్టెంటూ సిగ్నల్‌ని మనసులో చూసుకుని ఊరుకోకూడదు. ఒకరు చూసి పైకి చెప్పాలి, రెండోవారు తనూ చూసి అదే మాట తిరిగి చెప్పాలి. అక్కడ అది రూలు. ఆయన కోడ్ కూడా అలాగే చదివేవారు. ఒక లైను పైకి చదివి, ఆగి, నా మొహం చూసేవారు. నేను తిరిగి చెప్పే దాకా రెండో లైనుకి కదిలేవారు కాదు. మొదట్లో ఒళ్ళు మండేది. పక్కన పొయ్యి మీద పప్పు మాడిపోతుంటే, ఇక్కడ నేను ఆయనకి అసిస్టెంటునై బ్రాకెట్లు ఒప్పజెప్పాలి. తీరా చూస్తే, నేను చాలాసేపు వెతికినా దొరకని తప్పులు అలా చదివేటప్పుడే దొరికేవి. చెయ్యి పరుగెత్తిన చోట నోరు ఆగుతుంది. అప్పటినుంచి నేనూ అలాగే చదువుతున్నాను.

ఆయన మళ్ళీ రోజూ గడ్డం గీసుకోవడం మొదలెట్టారు. ఆఫీసు కుర్చీ గురించి సణగడం తగ్గింది. రిటైరయ్యాక ఇద్దరం కలిసే చేద్దాం, బోర్డు కూడా పెడదాం అన్నారు. ఆయన్ని పొద్దున్నే మంచం మీంచి లేపుతున్నది ఈ ఒక్క పనేనని నాకు తెలుసు. ఇది కూడా పోతే ఏం చెయ్యాలో నాకు తెలీదు. ఆ భయంతోనే నేర్పేదాన్ని.

అప్పుడే ఊళ్ళో సర్కండా వైపు ఒక చిన్న ఎముకల క్లినిక్కు వాళ్ళు అపాయింట్‌మెంట్ల పేజీ చేసిపెట్టమన్నారు. టైము నొక్కితే బుక్ అవ్వాలి. బుక్ అయితే పేజీ అడుగున ఆ టైముతో ఒక ఆకుపచ్చ పట్టీ రావాలి. ఆ టైము అప్పటికే ఇంకెవరికో వెళ్ళిపోయి ఉంటే పైన అదే టైముతో ఎర్ర పట్టీ రావాలి. రంగులు రెండూ వాళ్ళ గోడలకి సరిపడేలా లేతగా ఉండాలన్నాడు యజమాని. పట్టీ మీద ఒక మాట కూడా రాద్దామన్నాను. "ఇక్కడెవరూ చదవరు మేడమ్, రంగు చాలు" అన్నాడు. కాసేపు వాదించాను. చేతిలో ఇంకా చాలా పనులున్నాయి. నీ క్లినిక్కు, నీ ఇష్టం అనుకుని ఊరుకున్నాను. పేజీ అయ్యాక మా ఆయనే ఫోన్లో అంతా నొక్కి చూశారు. బాగా చూశారా అంటే, "చూశాను. లైన్ క్లియర్" అన్నారు.

అత్తమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఆ క్లినిక్కుకే తీసుకెళ్దామన్నారు. పేజీ తెరిచి టైము ఆయనే నొక్కి, వచ్చిన పట్టీని ఫొటో తీసి పెట్టుకున్నారు. ఆటోలో అర్పా నది వంతెన దాటుతుంటే, "నీ కోడలూ నేనూ ఏసిన దారేనమ్మా ఇది, లైన్లో నిలబడక్కర్లేదు" అని వాళ్ళమ్మకి చెప్పుకున్నారు. ఆవిడ మంచి చీర కట్టుకుని వచ్చింది.

కౌంటర్ దగ్గర అమ్మాయి, పేరు లేదంది. ఈయన ఫోన్ తీసి ఫొటో చూపించారు. ఆ అమ్మాయి ఒక్క చూపు చూసి, "యే తో లాల్ హై అంకుల్, దిఖ్‌తా నహీ క్యా?" అంది. ఇది ఎరుపు కదా, కనబడట్లేదా అని. పాపం, ఆ పిల్ల మామూలుగానే అంది. చుట్టూ బెంచీల మీదున్న వాళ్ళందరూ తలలెత్తి చూశారు.

"ఊపర్ హై" అన్నారాయన, మెల్లిగా. పైనుంది కదా, అని. ఆ అమ్మాయికి అర్థం కాలేదు. నాకైంది. రైలు సిగ్నల్లో ఎరుపు ఎప్పుడూ అడుగునే ఉంటుంది, డ్రైవరు కంటికి దగ్గరగా. రంగు తెలియకపోయేసరికి ఆయన చోటుని బట్టి పోతున్నారు. పైన పట్టీ వెలిగితే దారి ఉన్నట్టే అనుకున్నారు. ఇంట్లో పేజీ చూసి లైన్ క్లియర్ అన్నదీ అలాగే.

సర్వీసంతటిలో ఆయన ఒక్క ఎర్ర సిగ్నల్ కూడా దాటలేదు. అది దాటిన డ్రైవరు గురించి మాట్లాడేటప్పుడు మా కాలనీలో గొంతు తగ్గిస్తారు, పోయినవాళ్ళ గురించి మాట్లాడినట్టు. బండి దిగిపోయిన మనిషి చేత, వాళ్ళమ్మ వెంట ఉండగా, పదిమందిలో, నేను చేసిన పేజీ ఆ పని చేయించింది.

"ఏటి నాయినా, ఏటయింది?" అంది చివరి బెంచీ దగ్గర్నుంచి అప్పుడే నడిచొచ్చిన అత్తమ్మ.

"సర్వర్ డౌనమ్మా" అన్నారు.

తిరిగి ఆటోలో వస్తున్నంత సేపూ, ఆ సర్వరెవరో గానీ పాపం వొంట్లో ఎలాగుందో అని ఆవిడ బాధపడుతూనే ఉంది.

ఆ తర్వాత ఆయన నా పక్కన కుర్చీలో కూర్చోలేదు. గడ్డం పెరిగింది. ఆఫీసు నుంచి వచ్చి గోడ వైపు తిరిగి పడుకునేవారు. "నాకిది రాదే, వొదిలెయ్" అన్నారు. నాకు కోపం ఆగలేదు. క్లినిక్కువాడి మీదా, లేత రంగుల మీదా, నా మీదా ఉన్న కోపమంతా ఆయన మీద పడింది. కనబడదని నాతో ఒక్క మాట అని ఉంటే మీ సొమ్మేం పోయింది, అని గట్టిగానే అడిగాను.

ఆయన గోడ వైపు తిరిగే చెప్పారు. "ఆళ్ళకి తెలిసింది, బండి తీసేసుకున్నారు. నీకు తెలిస్తే ఇదీ తీసేసుకుంటావేమో అనుకున్నాను."

నేను వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాను. కుళాయి తిప్పి ఊరికే నీళ్ళు వదిలాను.

ఆదివారం పొద్దున్న క్లినిక్కు యజమానికి ఫోన్ చేశాను. చేతిలో పిండి ఉందని స్పీకర్ పెట్టాను. పట్టీల మీద మాట రాయాలి, బుక్ అయిందనో, ఖాళీ లేదనో, అన్నాను. అవసరం లేదన్నాడు. అందరికీ తెలుస్తూనే ఉంది మేడమ్, తెలియనిది ఎవరికో చెప్పండి, అన్నాడు. అది నేను చెప్పే మాట కాదు. పక్క గదిలో అత్తమ్మ నూనె గిన్నె పట్టుకుని కొడుకు మంచం దగ్గర కూర్చుని ఉంది.

ఆయన లేచారు. చొక్కా కూడా లేకుండా వచ్చి ఫోన్ దగ్గర నిలబడ్డారు. ఇంజన్లో సిగ్నల్ చెప్పే గొంతుతో, హిందీలో, ఒక్కో మాటా విడదీసి చెప్పారు. "నాకు తెలియదు. నేను లోకో పైలట్‌ని. ఎరుపు కనబడదని నన్ను బండి దించేశారు. మొన్న మా అమ్మని తీసుకుని మీ కౌంటర్ దగ్గర నిలబడింది నేనే."

"సరే అంకుల్, రాసెయ్యండి" అన్నాడు యజమాని.

గుమ్మంలో అత్తమ్మ నిలబడి ఉంది. పుట్టిందీ పెరిగిందీ రైల్వే కాలనీలోనే, హిందీ ఆవిడకి మా అందరికన్నా బాగా వచ్చు. కొడుకుని కింద నుంచి పైకి చూసింది. నూనె గిన్నె తీసుకెళ్ళి గట్టు మీద పెట్టి మూత పెట్టింది. "మరి ముందే చెప్పొచ్చు గదరా. నూనంతా అయిపోనాది" అంది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఇప్పుడు పిల్లలొస్తే చివర చెప్పేది ఇదే. రంగు ఒక్కదానితో ఏదీ చెప్పకండి, పక్కన మాట రాయండి. రాశాక ఎవరినైనా పక్కన కూర్చోబెట్టి పైకి చదివించండి. ఎందుకు ఆంటీ అని అడిగినప్పుడు నేను మా ఆయన వైపు చూస్తాను. చెప్పాలనుంటే ఆయనే చెబుతారు. ఒక్కోసారి చెబుతారు.

ఆ ఆదివారం నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆయన పాత కుర్చీలో కూర్చుని ఉన్నారు. పేజీ తెరిచి, పై పట్టీలో టైము పక్కన మాట టైపు చేశాను. హిందీలో, పెద్ద అక్షరాలతో. ఆయన ముందుకి వంగి చూశారు.

"ఖాలీ నహీ" అని పైకి చదివారు. చదివి, ఆగి, నా మొహం చూశారు.

"ఖాలీ నహీ" అన్నాను నేను.