ఆరు మంచాల వార్డుకు అణుబాంబు ప్లాన్

2025 ఎండకాలం. సరిహద్దుల యుద్ధం గురించే అందరి ముచ్చట. నల్లగొండల ఒక దవాఖానల నేను నర్సుగ బర్న్స్ వార్డు, అంటే కాలిన గాయాల వార్డు, చూసుకునేదాన్ని. మొత్తం ఆరు మంచాలు.

ఆ వారమే చౌటుప్పల్ దిక్కు ఒక మందుల ఫ్యాక్టరీల రియాక్టర్, అంటే మందులు కలిపే పెద్ద ట్యాంకు, పేలి, యాదయ్య అనే కార్మికుణ్ణి తెచ్చిన్రు. సగానికి పైగ ఒళ్లు కాలింది. కాలిన ఒంట్లకెళ్లి నీరు కారిపోతనే ఉంటది, గంటగంటకు చూసి సెలైన్ ఎక్కియ్యాలె. డ్రెస్సింగ్ మార్చాలంటే నలుగురం కలిసినా రెండు గంటలు పట్టేది. ఆయన భార్య పద్మ తలుపు బయట నిలవడి, వచ్చిపోయే మా మొఖాలే చూసేది.

మూడో రోజు మీటింగుకు పిలిచిన్రు. హైదరాబాద్ మీద అణుబాంబు మిస్సైల్ పడితే మన దవాఖాన ఏం జెయ్యాలె, ప్లాన్ రాయాలన్నరు. మిలిటరీల రాడార్ పని జేసి రిటైరైన ఒక సారు వచ్చి నిమ్మళంగ చెప్పిండు. మిస్సైల్ వదిలినంక మనకు దొరికేది కొన్ని నిమిషాలే. ఎదురుపోయి కొట్టే ఇంటర్‌సెప్టర్ ఉన్నా, శత్రువు ఒక్కటే వదలడు. నడుమ డికాయ్‌లు, అంటే ఉత్తుత్తివి, కలుపుతడు. అసలుది ఏదో గుర్తువట్టేసరికే టైం అయిపోతది.

"ఒక్కటి తప్పించుకొని వస్తే?" అని అడిగిన.

"అప్పుడు మా చేతుల ఏముండదమ్మా. కాలినోళ్లంత మీ దగ్గరికే వస్తరు," అన్నడు.

ఎంతమందికి వైద్యం చెయ్యగలరని ఫారంల ఒక గడి ఉంది. యాభై అని రాయమన్నడు మా సూపరింటెండెంట్. నాకు చెయ్యి రాలే. ఒక్క యాదయ్యకే నలుగురం సరిపోతలేమని చెప్పిన. ఆయన కోపం చెయ్యలే, ఫారం నా దిక్కు జరిపిండు. మంచాలు ఎన్నో అన్నే, ఆరు అని రాసి సంతకం పెట్టిన.

ఐదో రోజు పొద్దున యాదయ్య పోయిండు. పద్మ ఏడుస్తలేదు. నా చెయ్యి పట్టుకొని మెల్లగ అడిగింది.

"ఇంకింతమంది నర్సులుంటే బతికేటోడా సిస్టర్?"

"లేదమ్మా. మేమందరం ఆయన దగ్గర్నే ఉన్నం."

నేను చెప్పిన ఆ మాట నన్ను ఇప్పటికీ విడుస్తలేదు. అందరం ఒక్కని దగ్గరుండి ఓడిపోయినం. ఊరికి ఊరే కాలి వస్తే మా దగ్గర వైద్యం లేదు. ఆ నిజాన్ని ముందే, అడిగినోళ్ల మొఖం మీద చెప్పుడు కూడ నర్సు పనేనని అప్పుడు తెలిసింది.