బొబ్బిలి మీటింగు బయట మా బావ

మా బావ పోయాడని తెలిసినప్పుడు నేను కాఫీకి పాలు కాస్తున్నాను. కళింగపట్నం నుంచి మేనల్లుడు ఫోను చేసి, "మావా, అయ్య పోనాడు. గుండెల్లో నొప్పన్నాడు, ఆటో ఎక్కించీలోపే అయిపోనాది" అన్నాడు. పాలు పొంగి పొయ్యి మీద పడుతున్నా అలాగే చూస్తూ నిలబడ్డాను.

ఆయన మా చెల్లి భర్త. వయసున్నన్నాళ్ళూ సముద్రంలో వేట చేసి, మోకాళ్ళు మొరాయించాక ఒడ్డున కూర్చుని ఊళ్ళోవాళ్ళ వలలు బాగుచేసేవాడు. నేనూ ఆ జాలరి వాడలోనే పుట్టాను. చదువుకుని, శ్రీకాకుళంలో కాలేజీ లైబ్రేరియన్‌గా రిటైరయ్యాను. తాగుబోతుని. తాగడం మానినా ఆ మాట మారదు. నా చదువుని సభల్లో పొగిడినవాళ్ళు చాలామంది ఉన్నారు. సాయంత్రాలు సీసాలు పట్టుకొచ్చిందీ వాళ్ళే. ఇది చదివి నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

నేను తాగి వీధిలో పడిపోయిన మర్నాడు మా చెల్లి ఏడ్చింది. బావ ఏడవలేదు. "లెగు బావా, సొక్కా తొడుక్కో. నీలాటోళ్ళకి మీటింగులు ఉంతాయంట" అన్నాడు.

తాగుడు మానాలనుకునేవాళ్ళు కూడి ఎవరి సంగతి వాళ్ళు చెప్పుకునే మీటింగులవి. మొదట శ్రీకాకుళంలోనే ఒకదానికి వెళ్ళాం. నన్ను చూడగానే ఒకాయన లేచి "నమస్కారం సార్" అన్నాడు. కాలేజీలో నా దగ్గర పుస్తకాలు తీసుకున్నవాడు. ముందు వరసలో కుర్చీ వేశారు. ఎందుకొచ్చానో వాళ్ళడగలేదు, నేను చెప్పలేదు.

తర్వాత విజయనగరం. అక్కడ అందరూ ఉద్యోగస్తులు. తాగుడు గురించి ఏ దేశపు రచయిత ఏమన్నాడో అనర్గళంగా చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఆ సంతోషంలో ఇంటికొచ్చి తాగాను. మర్నాడు బావ వచ్చాడు.

"బాగా మాటాడినావంట కదా?"

"అవును."

"మరి ఈ మందు వాసనేటి?"

నేను లేచి కిటికీ తెరిచాను. "సప్పట్లు కొట్టిన కాడికి ఇంక ఎల్లొద్దు" అన్నాడు. ఒక చదువురానివాడు మంచి వక్తను తమకు కాకుండా చేశాడని ఆ మీటింగు పెద్దమనిషి ఊరంతా చెప్పుకున్నాడు. మొన్న ఆయనే సంతాప సందేశం పంపాడు. అందులో బావ పేరు తప్పు రాశాడు.

చివరికి బొబ్బిలి. బియ్యం మిల్లు పక్కన ఒక గది, దానికో వరండా. బావ గోనెసంచిలోంచి వల తీసి, నీలం నైలాన్ దారంతో కిటికీ ఊచకి కట్టి, బయటే కూర్చుని బాగుచేసుకోసాగాడు. లోపల ఆటోవాళ్ళు, వీణలకి చెక్క కోసే ముసలాయన, ఉద్యోగం పోగొట్టుకున్న హోంగార్డు. నేను గొంతు సవరించుకుని ఉపన్యాసం మొదలుపెట్టానో లేదో, చెక్క కోసే ఆయన అడ్డుకున్నాడు.

"మేస్టారూ, పుస్తకం మాటలు తరవాత. నిన్న తాగినారా, నేదా?"

అందరూ నవ్వారు. నేను విసురుగా బయటికి వచ్చేశాను. "పద బావా, ఇక్కడ మర్యాద తెలిసినవాడు లేడు."

ఆయన తలెత్తలేదు. "వల సిక్కుపడిపోనాది. విప్పీదాకా లెగలేను. నువ్వెల్లి లోపల కూకో."

"ఎంతసేపు?"

"వలనడుగు."

ఎండకి తాళలేక లోపలికి వెళ్ళి కూర్చున్నాను. "తాగాను" అన్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరో టీ గ్లాసు నా వైపు జరిపారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆ వల అటూ ఇటూ తిప్పి చూశాను. చిక్కు ఎక్కడా లేదు.

ఆ తర్వాత ఆదివారాలన్నీ బొబ్బిలివే. ఆయన మహాత్ముడేం కాదు. సంచి కంపు కొడుతోందన్న కండక్టర్లతో పోట్లాడేవాడు, వరండాలో కూర్చుని ఊరందరి కబుర్లూ పోగేసేవాడు. "నీ చుట్ట మాత్రం మానవు" అంటే, "సుట్ట కాల్సి ఇంటికి దారి మర్సిపోనానేటి?" అనేవాడు. బాగుపడ్డావని నాతో ఒక్కనాడూ అనలేదు.

పెద్దకర్మ ఆదివారం నాడే పడింది. మా వాడలో అటువంటి రోజున మందు పొయ్యకపోతే మర్యాద తక్కువ. బావ తమ్ముడు నా ముందు గ్లాసు పెట్టాడు. ఇన్నేళ్ళూ బావని 'తాగుబోతుకి కాపలా' అని ఎగతాళి చేసింది ఇతనే. "ఒక్క గుక్క బావా! అన్న ఆత్మ సంతోషిత్తాది" అన్నాడు. ఏళ్ళ తరబడి లేని దాహం వేసింది. చెయ్యి గ్లాసు దాకా వెళ్ళింది. వరండాలో కూర్చునేవాడు ఇక లేడు కదా అనిపించింది.

అప్పుడు మా చెల్లి లోపల్నుంచి మగవాళ్ళ మధ్యకు వచ్చింది. గ్లాసు వైపు చూడలేదు.

"అన్నియ్యా, ఇయాల ఆదోరం. బొబ్బిలి ఎల్లవేటి?"

"నీ మొగుడి కర్మ కదమ్మా ఇది."

"అందుకే సెప్తన్నాను. లెగు, బస్సు దాటిపోద్ది."

లేచాను.

బొబ్బిలి చేరేసరికి మీటింగు సగం అయిపోయింది. అందరూ జరిగి చోటిచ్చారు. కిటికీకి ఎదురుగా కూర్చుని, గ్లాసు దాకా వెళ్ళిన చెయ్యి గురించి చెప్పాను. బావకి ముడి విప్పే ఓపిక ఉండేది కాదు. వెళ్ళేటప్పుడు కత్తితో దారం కోసేసి వల సంచిలో వేసుకునేవాడు. ఆ ముళ్ళన్నీ ఊచకి అలాగే ఉన్నాయి, ఒకదాని పక్కన ఒకటి. పాతవి ఎండకి తెల్లబడిపోయాయి. చివరిది ఇంకా నీలంగానే ఉంది. బయట గాలి లేచింది. దాని కొస కిటికీలోంచి లోపలికి వస్తూ, మళ్ళీ వెనక్కి పోతూ ఉంది.