వాడిన పల్లేరు

1961. కంబదూరు పశువుల ఆసుపత్రిలో నేను డాక్టరుని. ఆసుపత్రి అంటే ఒక గది, ఒక వరండా, సగం ఖాళీ అయిన మందు సీసాలు. ఆ ఏడు తొలకరి ముందే వచ్చి అందరినీ ఊరించింది. నేల పచ్చబడిందో లేదో మబ్బు ముఖం చాటేసింది. ఆ తర్వాత కాసిన ఎండకు మొలిచిన గడ్డీ గాదమూ నిలువునా వాడిపోయాయి.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం పక్క పల్లె నుంచి బీరప్ప అనే గొర్రెలు కాసే కురుబాయన వచ్చాడు. గొర్రెల తలలు వాస్తున్నాయని, కొన్ని చచ్చిపోయాయని చెప్పాడు. అది అమ్మవారేనని ఊరు తేల్చేసిందట. సాయంత్రంలోగా మందను పొలిమేర దాటించమని ఊళ్లో పెత్తనం చేసే పెద్దరెడ్డి కబురు పెట్టాడట. రోగం తగిలిన మందను ఏ పక్క ఊరు రానిస్తుంది? కసాయి బేరగాడికి అప్పజెప్పడం తప్ప దారి లేదు. బీరప్పకు సెంటు చేను లేదు. ఆ మంద పోతే మొగుడూ పెళ్లామూ కూలికి పోవలసిందే.

సైకిలెక్కి వెంట వెళ్లాను. తెల్ల గొర్రెల చెవులు, పెదవులు, కనురెప్పలు ఉబ్బిపోయి ఉన్నాయి. కళ్లు పసుపు తిరిగాయి. ఎండకు ఓర్వలేక ఒకదాని పొట్టకింద ఒకటి తల దూర్చుకుంటున్నాయి. చంకలు, తొడలు వెతికినా ఒక్క బొబ్బ లేదు. కాబట్టి ఇది గొర్రెల మశూచి కాదు. నల్ల గొర్రెలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. నల్లవంటే అమ్మవారికి ప్రీతి కనుక వదిలేసిందని ఊరి మాట. అమ్మవారికి రంగుల పట్టింపు ఉందని నేనెప్పుడూ వినలేదు, నాకు కాస్త ఒళ్లు మండింది.

పైగా తెల్లవాటి వీపుల మీద ఉన్ని లేదు. ఒంట్లో వేడి చేస్తే ఉన్ని కత్తిరించడం కురుబల్లో అలవాటు.

"ఏడి దిగుతాదని కత్తిరిస్తి సారూ. దిగకపాయ. ఈపంతా కమిలిపాయ," అన్నాడు బీరప్ప.

ఆ పొద్దున చచ్చిన గొర్రెను కోసి చూశాను. కాలేయం పసుపు పచ్చగా ఉంది. ఏదో ఆకు విషమని తెలిసింది, ఏ ఆకో తెలియాలి. బీరప్ప అనుమానం బీట్లో మొలిచే వెంపలి మొక్క మీద. అందుకే బీడు మార్చి మేపాడట. అయినా వాపులు ఆగలేదు.

మా సీమలో సగం మొక్కల ఆకు ఈక మాదిరిగా ఉంటుంది. నడుమ ఒక ఈనె, దానికి రెండు పక్కలా చిన్న చిన్న రేకులు. దీన్ని కాలేజీలో పిన్నేట్ లీఫ్ అన్నారు, తెలుగు పుస్తకాల్లో పిచ్ఛాకార పత్రం అంటారు. కొసన ఒంటి రేకు ఉంటే ఇంపారిపిన్నేట్. జంటతో ముగిస్తే పారిపిన్నేట్. పశువుల డాక్టరుకు ఈ గోలెందుకని నేను విసుక్కుంటూ బట్టీ పట్టిన మాటలివి.

పొట్టలో దొరికిన నలగని ఆకును నీళ్లతో కడిగి అరచేతిలో పరిచాను. కొసన జంట ఉంది. వెంపలికి ఒంటి రేకు ఉంటుంది, కనుక అది కాదు. తంగేడుకు జంటే గానీ గొర్రె దాన్ని ముట్టదు. మిగిలింది పల్లేరు. పాత బీట్లోనూ కొత్త బీట్లోనూ అదే పరుచుకుని ఉంది.

బీరప్ప నమ్మలేదు. "పల్లేరా? మా తాతల కాలం నుంచి తింటాండాయి సారూ. మాకు మేపంటేనే అది."

పచ్చగా ఉన్నప్పుడు అది మేతే. వాన పడి, వెంటనే ఎండ కాసి వాడినప్పుడు ఒక్కోసారి కాలేయాన్ని చెడగొడుతుంది. అప్పుడు కాలేయం బయటికి పంపవలసినది రక్తంలోనే మిగిలి చర్మానికి చేరుతుంది. దానిమీద ఎండ పడితే చర్మం ఉడికిపోతుంది. దీన్ని ఫోటోసెన్సిటైజేషన్ అంటాం. నల్ల చర్మం ఎండను ఆపుతుంది. తెల్లవాటికి ఉన్నే గొడుగు. అది విన్నాక బీరప్ప కూలబడ్డాడు.

"అయితే నా సేతులారా సంపుకొంటినా సారూ?"

జబ్బు తెచ్చింది కత్తెర కాదని, ఇంకా చాలా గొర్రెలు బతికే ఉన్నాయని, ఏడుపు తర్వాత చూసుకుందామని గట్టిగానే చెప్పి లేపాను.

ఇంతలో పెద్దరెడ్డి వచ్చాడు. తన గొర్రెలకు అంటదని పూచీ ఏమిటని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. మందలోంచి ఒక మచ్చల గొర్రెను లాక్కొచ్చి ఆయన ముందు నిలబెట్టాను. తెల్ల మచ్చ ఉన్నచోట చర్మం పగిలి రసి కారుతోంది. పక్కనే నల్ల మచ్చ నున్నగా ఉంది.

"ఒకటే గొర్రె, ఒకటే రక్తం. అంటురోగమైతే మచ్చ అంచున ఆగుతుందా రెడ్డిగారూ?"

ఆయన వంగి వేలితో తడిమి చూశాడు. నల్ల మచ్చనూ నొక్కి చూశాడు. చివరికి, "సంత దినం వరకూ చూస్తా. అప్పటికీ ఇట్లే ఉంటే నేను మాట ఇననప్పా," అన్నాడు.

నీడ కావాలి, చెట్లు లేవు. బీరప్ప భార్య మాళమ్మ ఇంట్లో ఉన్న కంబళ్లన్నీ తెచ్చి కర్రలకు పందిరి కట్టింది. గొర్రెలను పగలు దాని కింద ఉంచి, తెల్లవారుజామున, పొద్దుగూకాక మేపమన్నాను. పల్లేరు మాదిరి ఈక ఆకులన్నీ మాన్పించాలా అని ఆమె అడిగింది. అవన్నీ మాన్పిస్తే ఈ గడ్డ మీద గొర్రె ఏం తిని బతుకుతుంది? తుమ్మాకు కూడా ఈక ఆకే, ఈకలకు మళ్లీ ఈకలు మొలిచినట్టుంటుంది. దాన్నే కొట్టి వేయమన్నాను. పుండ్లకు వేపనూనె రాయించాను.

సంత దినానికి ఇంకొన్ని చచ్చాయి, దాచను. మిగిలినవాటికి వాపు దిగి మేతకు తల వంచాయి. కొన్నింటి చెవులు ఎండి ఊడిపోయాయి. బేరగాడు వచ్చి చూసి ఊరకే తిరిగిపోయాడు. పెద్దరెడ్డి ఎరువు కోసం తన చేన్లోనే మంద కట్టమన్నాడు.

జబ్బు గొర్రె దగ్గరికి పోతే ముందు దాని నోరు తెరవకూడదని, వాన ఎప్పుడు పడింది, ఎండ ఎప్పుడు కాసింది అని అడగాలని ఆ కేసు నేర్పింది. మరుసటి ఏడు తొలకరికి నేను ఆ ఊరి దారిన పోతూ, పల్లేరు బీడు చూసి సైకిలు అటు తిప్పాను. మాళమ్మ ఎదురొచ్చింది.

"ఎండ మొదలైన దినమే పందిరేసినాం సారూ. బీడుకు తోలలేదు. కూచోండి, ఈసారి మీకు పనేం లేదు, మజ్జిగ తాగిపోండి."