గొర్రెల కంచె మీద ఒక టైరు

మెత్సోవో అనే కొండ ఊరి నుంచి కిందికి దిగే పాత రోడ్డు మీద, పెట్రోలు బంకు దాటగానే, స్తెర్గియోస్ పంచరు కొట్టు. ముప్పై ఏళ్ళుగా అతను అక్కడ టైర్లు విప్పుతున్నాడు, బిగిస్తున్నాడు. ఈ ముప్పై ఏళ్ళలో రెండింటికి పేరు తెచ్చుకున్నాడు. ఒకటి, ఏ టైరునైనా అరచేత్తో ఓసారి నిమిరి, అది ఏ దారిన తిరిగిందో, ఎంత బరువు మోసిందో, దాని మీద ఎలాంటివాడు కూర్చున్నాడో చెప్పేయడం. రెండోది, కొట్టు పక్కనున్న కంచె.

ఆ ఇనుప కంచెకి మోటార్ సైకిళ్ళ వెనక టైర్లు వేలాడుతుంటాయి. అన్నీ మధ్యలో అరిగిపోయి, అంచులు మాత్రం కొన్నప్పటిలాగే మిగిలినవి. మలుపులో బండిని పక్కకి వంచాలంటే గుండె జారినవాళ్ళ టైర్లన్నమాట. ఒక్కోదాని మీద సుద్దతో దాని యజమాని పేరు. ఊరంతా దాన్ని గొర్రెల కంచె అంటుంది. అక్కడ తన పేరు చూసుకున్నవాడు నవ్వేయాలి. నవ్వలేనివాడికి పక్కనే ఉన్న రీజోస్ కాఫీ కొట్టులో ఆ వారమంతా "మే... మే..." అనే పలకరింపు.

టైరు అబద్ధం చెప్పదని స్తెర్గియోస్ వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. పంచరు కొట్లలో పుట్టిన వేదాంతం ఇది. నిజానికి టైరు అబద్ధమూ చెప్పదు, నిజమూ చెప్పదు. అరుగుతుంది, అంతే. దూర ప్రయాణాల బండికి వెనక టైరు ఎనిమిది వేల కిలోమీటర్లు రావచ్చు, పన్నెండు వేలూ రావచ్చు. ముందుది ఇంకాస్త ఎక్కువ లాగుతుంది. గాలి తక్కువుంటే వేడెక్కి తొందరగా పోతుంది. భార్య వెనక కూర్చుని, రెండు పెట్టెలూ నిండుగా ఉంటే ఇంకా తొందరగా పోతుంది. గరుకు తారు తింటుంది, ఆగస్టు ఎండ తింటుంది. ఏమీ తినకపోయినా అయిదారేళ్ళకి రబ్బరు దానంతటదే గట్టిపడి పనికిరాకుండా పోతుంది. ఇన్ని కారణాలు కలిసి చేసిన పనిని చూసి ఒక మనిషి గుణం చెప్పడం జాతకం చెప్పడం లాంటిదే. కాకపోతే స్తెర్గియోస్ చెప్పింది పదిలో తొమ్మిదిసార్లు నిజమయ్యేది. అదే వచ్చిన చిక్కు.

అన్న లాంబ్రోస్ అతనికంటే ఆరేళ్ళు పెద్ద. కరెంటు శాఖలో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. నడుం లోతు మంచులో స్తంభాలెక్కిన మనిషి. ఏటా సెప్టెంబరులో అన్నదమ్ములిద్దరూ రెండు బండ్ల మీద పదిరోజులు కొండలు చుట్టి వచ్చేవాళ్ళు. పదహారేళ్ళు వరసగా ఒక్క ఏడాదీ తప్పలేదు. ముందు లాంబ్రోస్, వెనక స్తెర్గియోస్. అన్న బండి మలుపులో ఒరిగే తీరు చూసి తన బండి ఒరగేసుకోవడం తప్ప, ఆ పదిరోజులూ స్తెర్గియోస్‌కి వేరే ఆలోచన ఉండేది కాదు. పెళ్ళి చేసుకోలేదు. ఏడాదంతా రబ్బరు వాసనలో బతికింది ఆ పదిరోజుల కోసమే.

రెండేళ్ళ కిందట ఏప్రిల్లో అన్న బండికి కొత్త వెనక టైరు వేశాడు. అప్పటినుంచి, మంచు పడే నెలలు వదిలేస్తే, ప్రతి శనివారం లాంబ్రోస్ కతారా కనుమ దాటి అవతల మలకాసి దాకా వెళ్ళి కాఫీ తాగి వస్తున్నానని చెప్పేవాడు. ఆ సెప్టెంబరు పర్యటన మాత్రం ఇంటి కప్పు మరమ్మతు ఉందని మాన్పించాడు. కతారా అంటే శాపం. ఆ ఘాట్ రోడ్డుకి తగిన పేరే. హైవే సొరంగాలు వచ్చాక పని ఉన్నవాడెవడూ అటు పోడు.

ఆ మరుసటి ఏడాది జూన్‌లో లాంబ్రోస్ బండి తెచ్చాడు. రీజోస్ కాఫీ పళ్ళెంతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అతని వెనక మరో నలుగురు, ఊసుపోక.

స్తెర్గియోస్ చక్రం విప్పి టైరు మీద చెయ్యి వేశాడు. ఆరు వేలకే చచ్చింది. మధ్యభాగం రొట్టెలు చేసే బల్లలా చదునుగా ఉంది. అంచుల్లో మాత్రం అచ్చులోంచి వచ్చిన సన్నటి రబ్బరు వెంట్రుకలు కూడా ఊడలేదు.

"అన్నా, ప్రతి శనివారం ఎక్కడికెళ్తున్నానన్నావ్?"

"మలకాసికి."

"ఏ దారిన?"

"ఉన్నది ఒకటే కదరా, కతారా మీదుగా."

స్తెర్గియోస్ టైరుని పైకెత్తి జనానికి చూపించాడు. "చూశారా? కతారా మీద నూట ఎనభై మలుపులు. ఈ టైరు ఒక్క మలుపన్నా తిరిగిన మొహమేనా ఇది? ఇది గ్రెవెనా పోయే సొరంగాల హైవే. తిన్నగా పోయి తిన్నగా వచ్చింది. గ్రెవెనాలో ఎవరున్నారన్నా?"

రీజోస్ పళ్ళెం కింద పెట్టేశాడు. "విధవరాలేమో! అరవై నాలుగేళ్ళకి గొప్ప పనే, లాంబ్రోస్!"

"వంట బాగా చేస్తుందా?" అన్నాడు వెనకనుంచి ఒకడు.

లాంబ్రోస్ మొహం ఒక్క క్షణం తెల్లబోయింది. తర్వాత మీసం సర్దుకుని నవ్వాడు. "కనిపెట్టేశావ్. సరే, నా పేరు కూడా రాసి తగిలించెయ్."

"ఛ, నువ్వు గొర్రెవేంటన్నా, పొట్టేలువి!" అన్నాడు స్తెర్గియోస్. కానీ ఆ టైరుని తీసుకెళ్ళి కంచెకే తగిలించాడు. సుద్దతో "లాంబ్రోస్, గ్రెవెనా" అని రాశాడు. అరగంటసేపు జనం నవ్వారు. ఆ నవ్వుల మధ్యే, కాలితో తొక్కే వెనక బ్రేకు ప్యాడ్లు అయిపోయాయని చూసి, పాతవి డబ్బాలో పారేసి కొత్తవి వేశాడు. చేతులు చేశాయి ఆ పని. బుర్ర కంచె దగ్గరే ఉంది.

ఆ మాట అదే సాయంత్రం వదిన అక్రివి చెవిన పడింది. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురం. ఆమె అరవలేదు. ఆకుకూర కూరిన రొట్టె పొయ్యిలోంచి తీసి, మొగుడి ముందు పెట్టి, సంచీ సర్దుకుని చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయింది. లాంబ్రోస్ ఆపలేదు, కాదనలేదు. ఆగస్టులో బండి అమ్మేశాడు. సెప్టెంబరు పర్యటనకి ఈసారీ రానని రీజోస్‌తో కబురు పెట్టాడు. నాలుగడుగుల దూరంలో ఉన్న తమ్ముడికి మధ్యవర్తి చేత కబురు! స్తెర్గియోస్‌కి ఒళ్ళు మండింది. తప్పు తను చేసి అలిగేది ఈయనా అనుకున్నాడు. పంతం కొద్దీ ఒక్కడే వెళ్ళాడు. ముందు ఎవరూ లేని మలుపులు ఎలా తిరగాలో తెలియలేదు. నాలుగో రోజే వెనక్కి వచ్చేశాడు.

అక్టోబరులో ఆ బండి మళ్ళీ కొట్టుకి వచ్చింది. కొన్నది పొలిక్సేని అని ఆర్తా ఊళ్ళో బేకరీ నడిపే ఆవిడ. పెద్ద గొంతు, భుజాల దాకా పిండి మరకలు.

"మాస్టారూ, టైర్లు చూడండి. అలాగే వెనక బ్రేకు కూడా. మీ అన్నగారు బండిచ్చేటప్పుడు, దాని మీద నేను చాలా బరువు పెట్టాను, కాస్త కనిపెట్టుకుని ఉండమ్మా అన్నారు. ఎన్నాళ్ళొస్తాయండీ ఈ ప్యాడ్లు?"

"వెనకవా?" స్తెర్గియోస్ వంగి చూస్తూనే పాఠం మొదలుపెట్టాడు. "మీరు చచ్చేదాకా వస్తాయి. వెనక బ్రేకు ఎవరండీ తొక్కేది? హైవే మీదైతే అసలు పనే లేదు. వెనక ప్యాడ్లు పోవాలంటే ఒకటే దారి, ఘాట్ రోడ్డు దిగుతూ కాలు తియ్యకుండా తొక్కిపట్టి..."

అక్కడ ఆగిపోయాడు.

"ఏమైందండీ?"

"అలా కాలు తియ్యకుండా దిగితే..." అని లేచాడు. "ఒక్క నిమిషం కూర్చోండమ్మా."

పాత ఇనుము డబ్బా తిరగేశాడు. గొలుసు ముక్కలు, వాల్వులు, మేకులు. అడుగున దొరికాయి జూన్‌లో విప్పిన ప్యాడ్లు. ఇనుము కనిపించేదాకా అరిగి, వేడికి నీలంగా కమిలిపోయి ఉన్నాయి. సొరంగాల దారిలో తిన్నగా పోయినవాడికి వెనక ప్యాడ్లు ఇలా ఎందుకు కాలతాయి? ఇవి కొండ దిగిన ప్యాడ్లు. ఒకసారి కాదు, శనివారం శనివారం. ఒరగకుండా, నిటారుగా, నడిచే మనిషి వేగంతో మలుపులు తిరిగి, దిగినంతసేపూ వెనక చక్రాన్ని తొక్కిపట్టి రోడ్డు మీద ఈడ్చినవాడి టైరు కూడా మధ్యలోనే చదునవుతుంది. ఆరు వేలకే చస్తుంది. అంచుల వెంట్రుకలు అలాగే ఉంటాయి.

రెండూ ఆ రోజు తన చేతుల్లోనే ఉన్నాయి. ఒకటి ఎత్తి జనానికి చూపించాడు. ఒకటి డబ్బాలో పడేశాడు.

పొలిక్సేనిని సాయంత్రం రమ్మని, ప్యాడ్లు జేబులో వేసుకుని అన్న ఇంటికి నడిచాడు. తలుపు అక్రివి తీసింది. తిరిగొచ్చి వారమైందట.

"రా మరిదీ. ఇంకెవరి కొంపలో నిప్పు పెట్టి వస్తున్నావ్?"

"వదినా, అన్న..."

"నాకు తెలుసులే. చెవి డాక్టరు పంపిన కాయితం, నా బట్టల కోసం ఇక్కడికొచ్చిన చెల్లెలి కంటపడితే తెచ్చిచ్చింది. చెవి లోపలెక్కడో బాలెన్సు పోయిందట. రెండేళ్ళయిందట. నా మొగుడికి నా దగ్గర తిరుగుబోతనిపించుకోవడానికి సిగ్గులేదు, మీ దగ్గర పిరికివాడనిపించుకోవడానికి మాత్రం ప్రాణం పోయింది. ఏం మగాళ్ళయ్యా మీరు!"

లాంబ్రోస్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తున్నాడు. తల ఎత్తేటప్పుడు మెల్లగా, నిండు గ్లాసు మోస్తున్నట్టు ఎత్తాడు. స్తెర్గియోస్ ప్యాడ్లు బల్ల మీద పెట్టాడు.

"ఇప్పుడు చూశావా?" అన్నాడు లాంబ్రోస్.

"చెప్పొచ్చు కదన్నా."

"ఏమని? కుడివైపు ఒరిగితే నేను ఆగాక కూడా భూమి తిరుగుతూనే ఉంటుందనా? చేస్తూ పోతే అదే వస్తుందనుకున్నానురా. స్తంభాలెక్కడం అలాగే వచ్చింది నాకు. నలభై శనివారాలు వెళ్ళాను. ఒకరోజు సైకిలు మీద ఒక జర్మనీ ముసలాడు నన్ను దాటేసి వెళ్ళిపోయాడు. చెయ్యి కూడా ఊపాడు, వెధవ."

స్తెర్గియోస్ ప్యాడ్లని వేలితో పక్కకి జరిపాడు. "నాకు చెప్పి ఉంటే..."

"నీకా? నీకు చెప్పాలంటే ముందు నీ కంచె దాటి రావాలి. రోజూ దాని ముందునుంచే కదా నేను రొట్టెకి వెళ్ళేది." లాంబ్రోస్ ఇంకో ఉల్లిపాయ తీసుకున్నాడు. "మీరు విధవరాలి మాట ఎత్తగానే హాయిగా అనిపించింది, నమ్ము. మంచి దారి దొరికిందనుకున్నా. అక్రివి ఊళ్ళో ఉందన్న సంగతే మరిచిపోయా."

"నేను మాత్రం మరిచిపోను," అంది అక్రివి పొయ్యి దగ్గరనుంచి.

"సెప్టెంబరుకి నా వెనక కూర్చో అన్నా. మెల్లగా పోదాం. ఎంత మెల్లగా అంటే అంత."

"వెనక కూర్చుంటే ఇంకా తిరుగుతుందిరా. అయిపోయింది, వదిలెయ్." ఉల్లిపొట్టు పక్కకి నెట్టి అన్నాడు, "నువ్వేం చేస్తావో నాకు తెలుసు. ఇప్పుడెళ్ళి కంచె మొత్తం పీకేస్తావ్. పీక్కో. నాది మాత్రం పారెయ్యకు. ఆ మధ్యలో అరిగిందంతా కతారా. నేను వెళ్ళానని చెప్పడానికి అదొక్కటే ఉంది."

ఆ మధ్యాహ్నమే స్తెర్గియోస్ కంచె ఖాళీ చేశాడు. రీజోస్ గొడవపెట్టుకున్నాడు, "ఇక పొద్దుపోయేదెలా" అని. సుద్ద తుడిచేటప్పుడు స్తెర్గియోస్ అనుకున్నాడు: ఈ పదిహేడు మందిలో ఎందరిని నేను సరిగ్గా చదివాను? ఎవడికి ఏ చెవి, ఏ మోకాలు, వెనక సీటు మీద ఏ కడుపుతో ఉన్న పెళ్ళాం? అడగడానికి ఇప్పుడు ఎవరి దగ్గరికని వెళ్తాడు? కంచె ముందు నవ్వేసిన రోజునే వాళ్ళు తమ కారణాలు మింగేశారు.

అన్న టైరు మాత్రం లోపల, కంప్రెసర్ పైన గోడకి తగిలించాడు. కింద మేకుకి ఆ కాలిన ప్యాడ్లు రెండూ. ఇప్పుడు ఏ బండి వచ్చినా ముందు బ్రేకులు విప్పి చూస్తాడు. తర్వాతే టైరు మీద చెయ్యి వేస్తాడు. అదేం చెప్పిందని ఎవరైనా అడిగితే, "అరిగింది, మార్చాలి" అంటాడు.

లాంబ్రోస్ రోజూ రొట్టెకి ఆ కొట్టు ముందునుంచే వెళ్తాడు. ఖాళీ కంచెని చూస్తాడు, తమ్ముడికి చెయ్యి ఊపుతాడు. గోడ మీది టైరు చూడ్డానికి మాత్రం ఇంతవరకూ లోపలికి రాలేదు.