ఇంటికొచ్చిన ఓటు పెట్టె

సవేత ఎవరినీ నమ్మదు. వలేనీ ఊరి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఇరవై రెండేళ్ళు తీగలు కలిపింది. ఊళ్ళో ఎవరి మాటలు పోలీసులు వినేవారో ఆమెకు బాగా తెలుసు, వినిపించింది ఆమే కనుక. ఆ కమ్యూనిస్టు ప్రభుత్వం పోయింది, ఉద్యోగమూ పోయింది. అనుమానం మాత్రం పోలేదు. పాలు తెచ్చినవాణ్ణి కూడా గేటు బయటే నిలబెట్టేది.

రాజ్యాంగం మార్చాలా వద్దా అని దేశమంతా ఓటింగు పెట్టినప్పుడు ఆ అనుమానానికి చేతినిండా పని దొరికింది. నూటికి ముప్ఫై మంది రాకపోతే ఓటింగే చెల్లదు. మార్పు కావాలన్న మేయరు జనాన్ని తోలుకొస్తున్నాడు, వద్దన్నవాళ్ళు ఇళ్ళల్లో కూర్చుంటున్నారు. సవేతకు వద్దు. మన గడప నుంచి ఒక్క ఓటూ పోకూడదని భర్త ఇలారియెకు పదిసార్లు చెప్పింది. నడుము విరిగి మూడేళ్ళుగా మంచం మీదున్న మనిషి ఎక్కడికి పోతాడులే అని ధైర్యం.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి వసారా నిండా బురద బూట్ల జాడలు. మంచం పక్కన మూడు ఖాళీ సారా గ్లాసులు.

"ఎవరొచ్చారు?"

"పెట్టె పట్టుకొచ్చారే. లేవలేనివాళ్ళ ఇళ్ళకి తెస్తారుగా," అన్నాడు ఇలారియె హుషారుగా. "'వద్దు' మీదే గుద్దాను ముద్ర. మేయరు మొహం మాడిపోవాలి."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. వద్దని గుద్దినా వచ్చినవాళ్ళ లెక్కలోనే పడతావు. మేయరుకి కావలసింది ఆ లెక్కే కదా."

అతని మొహం వాడిపోయింది. సవేత చూడలేదు. అడగనిదే పెట్టె రాదు, ముందురోజే అర్జీ రాసివ్వాలి. ఎవరు రాశారు? ఆమె చర్చికెళ్ళినప్పుడు ఇలారియెకు తోడుండేది పక్కింటి రుక్సాండ్ర. దాని అల్లుడు మేయరు దగ్గర డ్రైవరు. ఇంకేం కావాలి?

తిన్నగా బడికి పోయింది. ఓటింగు అక్కడే. పెట్టె మోసుకొచ్చిన తిబేరియు మాస్టారిని నిలదీసింది.

"ఏదీ ఆ అర్జీ? దొంగ సంతకం నేను కనిపెడతాను."

"దొంగదేం కాదు సవేతమ్మా. గంటసేపు వదల్లేదు ఆయన మమ్మల్ని. ఇంకో గ్లాసు, ఇంకో గ్లాసు అంటూ."

కాగితం అందుకుంది. అక్షరాలు వణికాయిగానీ రాత ఇలారియెదే. లేవలేనన్నాడు, పెట్టె పంపమన్నాడు. కింద ఇంకో వాక్యం ఉంది.

"దయచేసి పదికీ పన్నెండుకీ మధ్య రండి. ఆ వేళ మా ఆవిడ ఇంట్లో ఉండదు."

సవేత ఆ వాక్యాన్ని ఇంకోసారి చదివింది. ఈ మూడేళ్ళలో తమ ఇంటి గడప దాటి లోపలికొచ్చి కూర్చున్నవాళ్ళెవరని గుర్తు తెచ్చుకోబోయింది. డాక్టరు, రుక్సాండ్ర తప్ప ఒక్క పేరూ తట్టలేదు.