రత్నం అక్కని కొండలెక్కించింది ఎవరు?

నిన్న మధ్యాహ్నం పిల్లలకి అన్నం పెడుతుంటే ఫోన్ వచ్చింది. రత్నం అక్క పోయింది.

"ఏ రత్నం?" అని అడిగాను. నాకు తెలిసిన రత్నం ఒక్కతే. అయినా అడిగాను.

పనిచేసే ఇంట్లోనే, స్టవ్ ముందు కుప్పకూలిందట. అంబులెన్స్ వచ్చేసరికే ఖలాస్ అని ఆ ఇంటి డ్రైవర్ చెప్పాడు.

గుండె. నలభై నాలుగేళ్ళు.

సాయంత్రానికి మన వాట్సాప్ గ్రూప్ నిండా దండాలు, పూలు. వాటి మధ్యలో ఒక వాయిస్ మెసేజ్.

"ఆ ఏసుబాబే సంపేశాడండి దాన్ని. పెతీ ఆదివారం ఎండలో కొండలెక్కించాడు. ఈ వయసులో ఆళ్ళకి టూర్లేంటండీ?"

దానికి పదకొండు లైకులు. పేర్లన్నీ చూశాను. అందరూ మనవాళ్ళే.

అందుకే రాస్తున్నాను. ఆర్‌ఐపీ పెట్టి వెళ్ళిపోదామని వచ్చినవాళ్ళు కాస్త ఆగి చదవండి.

అక్క మా పెద్దమ్మ కూతురు. ఇక్కడే, యూఏఈలోని ఖోర్ ఫక్కాన్‌లో ఒక అరబ్బుల ఇంట్లో వంటమనిషి. ఉండటం కూడా అక్కడే. అక్క మొగుడు ఏసుబాబు బావకి అదే ఊళ్ళో పోర్టులో లోడింగ్ పని. కంపెనీ రూమ్‌లో ఎనిమిది మందితో ఉంటాడు.

ఆ ఇంట్లోకి బావ అడుగుపెట్టకూడదు. ఈ రూమ్‌లోకి ఆడమనిషి రాకూడదు. ఆరేళ్ళు ఇలాగే, ఒకే ఊళ్ళో మొగుడూ పెళ్ళాం.

వారానికి ఒక్క ఆదివారం సెలవు.

ఎక్కడికి వెళ్ళాలి? మీరే చెప్పండి.

నడిచేవారు. ఊరి చివర కొండదారి ఎక్కి జుబారా అనే పల్లె దాకా, అక్కడినుంచి సముద్రం పక్కనే ఇంకో పల్లె దాకా.

ఒకసారి నేనూ వెళ్ళాను. ఖరీదైన బూట్లు, చేతికర్రలతో తెల్లవాళ్ళు ఎదురయ్యారు. అక్క కాళ్ళకి హవాయి చెప్పులు, బావ చేతిలో క్యారేజ్. "నైస్ హైక్!" అన్నారు వాళ్ళు. అక్క నవ్వి చెయ్యూపి, నావైపు తిరిగింది.

"ఈళ్ళకి ఇల్లుంటాది కదే. మరెందుకొచ్చినట్టు?"

రాళ్ళమీద కూర్చుని బావ తలకి కొబ్బరినూనె పెట్టింది. తర్వాత ఆడపడుచు పెళ్ళి విషయంలో పెద్ద గొడవ. ఇద్దరూ గొంతు చించుకుని అరుచుకున్నారు. మొగుడూ పెళ్ళాం పోట్లాడుకోవడానికి కూడా ఒక చోటు కావాలండీ. వాళ్ళకి ఆ కొండ దొరికింది.

నూనె పెడుతున్న ఫోటో నేనే స్టేటస్‌లో పెట్టాను. "ముసలి హనీమూన్" అని నవ్వింది మీరు. పెళ్ళాంతో కూర్చోవడానికి గది లేదని ఏ మగాడు చెప్పుకుంటాడు?

ఇంకో సంగతి. రెండు నెలలుగా వాళ్ళు అసలు నడవలేదు. ఎండ తట్టుకోలేక బస్ స్టాప్‌లో కూర్చునేవారు. లైకులు కొట్టినవాళ్ళలో ఒక్కరికైనా ఇది తెలుసా?

మనకి ఫ్లాట్లున్నాయి. క్రిస్మస్‌కి అందరికీ అక్కే బిర్యానీ వండింది. తినేసి బ్రేవ్‌మన్నాం. ఒక్క పూట తాళం ఇచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? "వాచ్‌మన్ ఏమనుకుంటాడో" అన్నది ఎవరో నాకు తెలుసు. మర్యాదకి పేరు రాయడం లేదు.

నా పేరు మాత్రం రాసుకోండి.

పోయిన నెల అక్క ఫోన్ చేసింది. "చెల్లీ, ఎండకి తిరగలేకపోతన్నామే. ఆదివారం రెండు గంటలు మీ హాల్లో కూకుంటాం. కూర నేనే అట్టుకొత్తాను."

"పిల్లలకి ఎగ్జామ్స్ అక్కా," అన్నాను.

ఎగ్జామ్స్ అయిపోయి అప్పటికే పది రోజులైంది. మేం కొత్త సోఫా కొన్నాం. బావ నూనె తల దానికి ఆనుతుందని నా భయం. అదీ నా బతుకు.

"సర్లేమ్మా, పిల్లల్ని సదువుకోనీ," అంది. మళ్ళీ అడగలేదు.

కాబట్టి బావని ఒక్క మాట అనకండి. ఆ వాయిస్ మెసేజ్ తీసేయండి. తిట్టాలనుంటే నన్ను తిట్టండి, నా నంబర్ అందరి దగ్గరా ఉంది.

బాడీని ఊరికి పంపే కాగితాలకని, నా దగ్గరున్న అక్క పాస్‌పోర్ట్ కాపీ కోసం నిన్న సాయంత్రం బావ మా ఇంటికి వచ్చాడు. ఆరేళ్ళలో ఇదే మొదటిసారి. చెప్పులు బయటే విడిచి, వచ్చి నేలమీద కూర్చున్నాడు. పైన కూర్చోమన్నాను.

"పర్లేదమ్మా. ఎంతసేపు, ఎల్లిపోతాను," అన్నాడు.

వెళ్ళొస్తావా అక్కా.

నువ్వు ప్రశాంతంగా ఉండు. మమ్మల్ని మాత్రం ఉండనివ్వకు.